పచ్చగుండీ తాళంచెవి

ఆ మంగళవారం పొద్దున కూడా ఆయన గుడ్డు మీద ఉప్పు చల్లుకుని, ఉప్పుసీసాను తీసిన చోటే పెట్టాడు. సీసా కింద మడిచిన కాగితం ఒకటుంది. పదహారు రోజులుగా అక్కడే ఉంది. రోజూ ఆయన సీసా ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. కాగితం మీద సీసా అడుగు గుండ్రంగా అచ్చు కూడా పడింది. తన కంచానికి జానెడు దూరంలో ఉన్న కాగితం ఒక మనిషికి కనబడకపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. కనబడలేదు, అంతే.

ఎదురుగా కూర్చున్న కూతురు టీ కప్పు ఎత్తింది. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. గోధుమరంగు మందపాటి ఫ్రేము. తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"నాన్నా, ఇవాళ మన వీధేగా?"

"మంగళవారం కదా."

"ఇటు ఎన్నింటికి వస్తావ్?"

"తొమ్మిదిన్నర, పది."

ఆమె ఇంకేదో అనబోయింది. మాట పెదవుల దాకా వచ్చింది. అప్పటికే ఆయన లేచి, మఫ్లరు మెడకు చుట్టుకుని, "తలుపేసుకో" అన్నాడు. ఆ ఇంట్లో పది నెలలుగా ఇంతకుమించి మాటలు లేవు. భార్య పోయిన రోజునే ఆయన మాటలు కూడా ఆమెతో పాటు వెళ్ళిపోయాయని చుట్టాలనుకున్నారు. చుట్టాలకేం తెలుసు?

ఎందుకంటే బయట ఆయన నోరు మూతపడదు. జనం వద్దనుకున్న బట్టల్ని వ్యాన్‌లో వీధి వీధి తిరిగి పోగుచేసే పని ఆయనది. మధ్యాహ్నం నుంచి షెడ్డులో బల్ల దగ్గర నిలబడి వాటిని వేరుచేస్తాడు. పందొమ్మిదేళ్ళుగా ఇదే. కొత్తగా చేరినవాళ్ళు ఇంటి ముందు సంచి ఉంటే ఎత్తుకొస్తారు. ఆయన అలా కాదు. ఇవ్వాలా వద్దా అని గుమ్మంలో ఊగిసలాడే వాళ్ళతో నెమ్మదిగా మాట్లాడి, నవ్వించి, వాళ్ళ చేత్తోనే ఇప్పిస్తాడు.

ఆ పొద్దున ఒక రిటైరయిన టీచరమ్మ కోటు ఒకటి గుండెకు హత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"మావారిది నాయనా. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇచ్చేద్దామనే అనుకుంటాను, తీరా చెయ్యి రాదు."

"తొందరేముందమ్మా? నేనెక్కడికి పోతాను, వచ్చే మంగళవారం మళ్ళీ వస్తాగా" అన్నాడు ఆయన. "కాకపోతే ఒక్కమాట. ఈ రెండు చలికాలాలూ బీరువాలో ఆ కోటు ఒక్కటే వెచ్చగా గడిపింది. బయట చలికి వణుకుతున్నవాడెవడో దానికోసం ఎదురుచూస్తున్నాడు."

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే కళ్ళొత్తుకుని కోటు ఆయన చేతుల్లో పెట్టింది. "మీ ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులు. ఇంత చక్కగా కబుర్లు చెప్పే మనిషి ఇంట్లో ఉంటే ఇంకేం కావాలి?"

ఆయన కోటు మడిచి వ్యాన్ ఎక్కాడు.

తర్వాత తన వీధి. ఆ వీధిలో ఆ రోజు తొమ్మిది గేట్లు, తొమ్మిది సంచులు. ఆగడం, దిగడం, ఎత్తడం, వెయ్యడం. ఇన్నేళ్ళలో ఆయన కళ్ళు సంచుల్నే చూడడం నేర్చుకున్నాయి, గేట్లని కాదు. తొమ్మిదీ వ్యాన్‌లో పడేశాడు. వెనక తలుపు మూసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

షెడ్డులో పొడవాటి బల్ల, బల్ల చివర మూడు పెద్ద తొట్లు. ఇంకా వేసుకోవడానికి పనికొచ్చేది 'తొడుగు'. చిరిగినా నూలుబట్టయితే 'తుడుపు', అంటే చదరపు ముక్కలుగా కోసి కార్ఖానాలకు తుడిచే గుడ్డలుగా పంపిస్తారు. రెండిటికీ పనికిరానిది 'పీచు', యంత్రంలో చీల్చి పరుపుల్లో కూరడానికి. ఆయన ఒక్కో బట్టనీ పట్టుకుని, ఒక్క క్షణం వేళ్ళతో తడిమి, తొట్టి పేరు చెప్పి విసురుతాడు. తడిమేది చెయ్యే. కళ్ళు ఎక్కడో ఉంటాయి.

అయితే జేబు మాత్రం వదలడు. గుండుసూది ఒక్కటి మిగిలిపోయినా యంత్రం పళ్ళు ఊడతాయి. అందుకే షెడ్డులో అందరూ ఆయన్ని 'జేబులాయన' అంటారు. బల్లకు అవతల గుండీలూ జిప్పులూ కత్తిరించి, నూలుబట్టను ముక్కలుగా కోసే ఆవిడ ఉంటుంది. ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు. కత్తెరమ్మ అంటే పలుకుతుంది.

మూడింటి వేళ ఆయన చేతికి ఒక గళ్ళచొక్కా వచ్చింది. ఒకప్పుడు నీలం గళ్ళు కాబోలు, ఇప్పుడు వెలిసిపోయి గళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. కాలరు పోయింది. ఎడమవైపు కింది అంచు, ఎవరో రోజూ దాంతో ఏదో తుడిచినట్టు, బాగా అరిగి మెత్తబడింది. జేబు ఒకసారి ఊడితే నీలం దారంతో మళ్ళీ కుట్టారు.

"ఈ కుట్టు చూడు చెల్లెమ్మా. చెయ్యి తిరిగిన మనిషి" అన్నాడు కత్తెరమ్మతో.

జేబులో వేళ్ళు పెట్టాడు. తాళంచెవి దొరికింది. పోకుండా దానికి పెద్ద పచ్చగుండీ ఒకటి దారంతో కట్టి ఉంది. ఏదో పాత కోటు గుండీ.

"ఎవరో జాగ్రత్త గల మనిషి" అన్నాడు. "పాపం, ఈపాటికి ఇల్లంతా వెతుక్కుంటూ ఉంటుంది."

దొరికిన తాళంచెవులన్నీ వేసే రేకుడబ్బా కిటికీ పక్కన ఉంది. అడిగేవాళ్ళు రారు, పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. తాళంచెవి డబ్బాలో ఠంగున పడింది. "తుడుపు" అని చొక్కాని కత్తెరమ్మ వైపు విసిరి, తర్వాతి బట్ట అందుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కూతురు బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మామూలుగా ఆ వేళకు ఆమె ఇంటికి రాదు. వచ్చినా తన గదిలో ఉంటుంది. ఇవాళ ఇద్దరికీ వడ్డించి పెట్టి, ఆయన చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆగి అడిగింది.

"ఇవాళ జేబుల్లో ఏం దొరికాయి నాన్నా?"

రొట్టె తుంచబోతున్న ఆయన చెయ్యి ఆగింది. ఆ ప్రశ్న భార్యది. పందొమ్మిదేళ్ళూ ఆయన గడప లోపల కాలు పెట్టగానే ఆమె అడిగిన మొదటి మాట అదే. ఆయన చెప్పేవాడు. ఎవరి జేబులో ఏది దొరికిందో, ఆ మనిషి ఎలాంటివాడై ఉంటాడో లేనిపోనివన్నీ కల్పించి చెబుతుంటే ఆమె పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. పది నెలలుగా ఆ మాట ఎవరూ అడగలేదు.

"ఇవాళా?" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ ఒక ప్యాంటు జేబులో సగం కొరికిన చాక్లెట్టు. డాక్టరుకు భయపడి దాచుకున్నాడేమో మహానుభావుడు. ఇంకో దాంట్లో మూడు దువ్వెనలు. ఒక్క తలకి మూడు దువ్వెనలెందుకంటావ్? ఆ తలమీద జుట్టే లేదేమో, ఆశ కొద్దీ..."

కూతురు నవ్వింది. ఆయనకు హుషారు వచ్చింది.

"ఇంకా?"

"ఇంకా ఒక తాళంచెవి. దానికి ఇంత పచ్చగుండీ. ఎవరో గానీ భలే జాగ్రత్తమనిషి..."

కూతురి నవ్వు ఆగిపోయింది. "దాన్నేం చేశావ్?"

"ఏం చేస్తాను, డబ్బాలో వేశాను."

"చేతిలో పట్టుకుని చూశావా?"

"చూడకుండా ఎలా వేస్తాను?"

"మరి ఆ గళ్ళచొక్కా?"

"అది తుడుపులోకి. కాలరు పోయింది కదా..." ఆయన ఆగాడు. "గళ్ళచొక్కా అని నేను చెప్పానా?"

కూతురు బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

"అది అమ్మ బీరువా తాళంచెవి నాన్నా. వంటింటి తలుపు వెనక మేకుకు నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ వేలాడుతున్న తాళంచెవి. చొక్కా నీదే. నువ్వు వదిలేసిన పాత చొక్కా. వంట చేసేటప్పుడు అమ్మ బట్టల మీద తొడుక్కునేది."

ఆయన నోటికి వచ్చిన మొదటి మాట కోపంగా వచ్చింది. తప్పు తెలిసినప్పుడు మనుషులకు ముందు వచ్చేది కోపమే కదా.

"ఎవర్నడిగి ఇచ్చావ్? మీ అమ్మ వస్తువు ముట్టుకునే ముందు నాతో ఒక్కమాట..."

"అడిగాను. బీరువా తీద్దామా నాన్నా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఊఁ అన్నావ్. నేనేమడిగానో నీకు వినబడనే లేదు."

"అయితే సంచిలో వేసి వీధిలో పెడతావా?"

"పెట్టాను. నేను పెట్టిన సంచి నువ్వే ఎత్తావ్! నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను నాన్నా. మన గేటు మీద చెయ్యి ఆనించి మరీ ఎత్తావ్. ఇప్పుడైనా తలెత్తుతాడు, ఇదేంటమ్మా అంటాడు అనుకున్నాను. అది మన ఇల్లని కూడా చూడలేదు నువ్వు."

ఆయన లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"జేబులో తాళంచెవి కావాలనే పెట్టాను" అంది ఆమె, గొంతు తగ్గించి. "నువ్వు ఏ జేబూ వదలవుగా. ఊళ్ళోవాళ్ళ జేబులన్నీ వెతుకుతావ్. అదైనా చూసి ఆగుతావనుకున్నాను. పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను తిడతావనుకున్నాను. తిట్టినా బాగుండేది నాన్నా. ఒక్కర్తినే ఉన్నాను ఈ ఇంట్లో. అమ్మ పోతే నీకు అమ్మ ఒక్కతే పోయింది. నాకు ఇద్దరూ పోయారు."

అంతవరకూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఉప్పుసీసా పక్కకు జరిపి, కింది కాగితాన్ని ఆయన ముందుకు తోసింది.

"వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం. ల్యాబు మొత్తం నాకే అప్పగిస్తారట. పన్నెండు గంటల రైలు ప్రయాణం. రేపు పది గంటల్లోగా చేరతానో లేదో చెప్పాలి. రానని చెప్పేద్దామనుకున్నాను, నువ్వు ఒంటరివైపోతావని. కానీ నేనున్నా లేకపోయినా ఈ ఇంట్లో నీకు తేడా ఏముంది, చెప్పు?"

జవాబు కోసం ఆగింది. ఆయన కాగితాన్నే చూస్తున్నాడు. ఆమె వెళ్ళి తన గది తలుపు మూసుకుంది. రెండు కంచాల్లోనూ రొట్టె అలాగే ఉంది.

ఆయన కాగితం విప్పి చదివాడు. పైన కూతురి పేరు, పేరు చుట్టూ సీసా అడుగు అచ్చు. ఆ గుండ్రటి గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. పదహారు రోజులు!

మర్నాడు షెడ్డు తెరిచే వేళకే తలుపు ముందు నిలబడి ఉన్నాడు. తాళం తియ్యడానికి వచ్చిన కత్తెరమ్మ ఆయన మొహం చూసి కంగారుపడింది.

"ఏంటన్నా, ఒంట్లో బాగాలేదా?"

ఆయన సరాసరి కిటికీ దగ్గరికి పోయి రేకుడబ్బాని బల్ల మీద బోర్లించాడు. పొడుగువి, పొట్టివి, తుప్పు పట్టినవి, వందల తాళంచెవులు. వాటి మధ్య పచ్చగుండీ ఇట్టే కనబడింది. వెతకాల్సిన పనే లేదు. నిన్న కూడా అంత స్పష్టంగానే ఉంది.

"ఇది మీదా అన్నా?" కత్తెరమ్మ ఆశ్చర్యపోయింది. "నిన్న మీరే కదా, ఎవరో జాగ్రత్త గల మనిషి అన్నారు?"

"అన్నాను చెల్లెమ్మా" అన్నాడు ఆయన. "ముప్పై ఏళ్ళు కాపురం చేసి, ఎవరో అన్నాను."

ఆ మాట నోటినుంచి వచ్చాక ఇక నిలబడలేకపోయాడు. బల్ల అంచు పట్టుకుని, గోనెసంచుల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుండీని అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ బీరువా ఆయన తెరవలేదు. తెరవాల్సిన అవసరమే రానివ్వలేదు ఆమె. ఇస్త్రీ చేసిన చొక్కా పొద్దున్నే మంచం మీద ఉండేది. ఒకరోజు ఆమె జేబు కుడుతూ, "కుట్టు కనబడుతోందా, చూడండి" అంది. ఆయన పేపరులోంచి తలెత్తకుండానే "బాగుంది" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆమె ఉన్నప్పుడు కూడా తాను చెప్పడమే గానీ చూసింది లేదని అప్పుడు తెలిసింది ఆయనకు.

కత్తెరమ్మ గోడ వైపు నడిచింది. తొమ్మిదింటికి బండి ఎక్కాల్సిన తుడుపుగుడ్డల మూటలు గోడవారన కట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి విప్పి, పైనుంచి నాలుగో ముక్క తీసి ఇచ్చింది. చొక్కా ఎడమ ముందుభాగం. పైన జేబు, కింద అరిగిన అంచు. ఒకే ముక్కగా ఉంది.

"వెనకభాగం కోసేశానన్నా. దీన్ని రెండు ముక్కలు చెయ్యాలి నిజానికి. జేబు దగ్గరికొచ్చేసరికి కత్తెర ఆడలేదు. కుట్టు అంత బాగుంది."

షెడ్డులోంచి దారపు పోగు కూడా బయటికి పోకూడదని నియమం. దాన్ని అందరికంటే గట్టిగా పాటించినవాడు ఆయనే. ఆ ముక్క పట్టుకుని తటపటాయిస్తుంటే కత్తెరమ్మ కసిరింది.

"నిలబడతారేంటి? మేనేజరుకి నేను చెప్పుకుంటాను. పొండి ముందు."

ఆయన తన మెడలోని మఫ్లరు తీసి, ఆ ముక్కకు బదులుగా మూటలో పెట్టి, బయటికి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. గేటు దగ్గర ఆగాడు. రంగు వెలిసిన గేటు, కింద ఊడిన చువ్వ ఒకటి. ఆ చువ్వ ఎప్పుడు ఊడిందో ఆయనకు తెలియదు. దానికి ఎవరో తీగ చుట్టి బిగించారు. కూతురే అయ్యుండాలి.

ఆమె బల్ల దగ్గర ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. ఆయన ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"దొరికిందా?" అంది, ఎటో చూస్తూ.

"దొరికింది. ఎదురుగానే ఉంది." ఆమె ముందున్న ఫోను వంక చూశాడు. "ఫోను చేశావా?"

"లేదు."

"చేరతానని చెప్పు."

ఆమె తల తిప్పింది. "నువ్వొక్కడివే ఎలా..."

"పది నెలలుగా ఈ ఇంట్లో ఒంటరిగా ఉన్నది నేను కాదమ్మా, నువ్వు. నాకు కనీసం మీ అమ్మ ఉంది, రాత్రీ పగలూ ఆమె ధ్యాసలోనే ఉన్నాను. నీకు ఎవరూ లేరు. కంచం ముందు కూర్చున్నవాడు కూడా లేడు." పచ్చగుండీని వేలితో తిప్పాడు. "నువ్వు లేకపోతే తేడా ఏముందని అడిగావ్. తేడా ఏంటో ఇక రోజూ తెలుస్తుంది నాకు. తెలియనీ. నువ్వు వెళ్ళు."

ఆమె పెదవి కొరుక్కుంది. "బీరువా ఖాళీ చెయ్యలేదు నాన్నా. ఆ ఒక్క చొక్కానే తీశాను. మిగతా సంచంతా నా పాతబట్టలే. అమ్మవి అలాగే ఉన్నాయి. నువ్వు తీస్తే చూద్దామని."

"ఇద్దరం తీద్దాం. నీక్కావలసినవి నువ్వు తీసుకుందువుగాని" అని, ఆయన పది నెలల్లో మొదటిసారి కూతురి మొహంలోకి చూశాడు. ఊరికే చూడడం కాదు. బల్ల దగ్గర కొత్త బట్ట వచ్చినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. చూపు ముక్కు దగ్గర ఆగింది.

"ఈ కళ్ళజోడు ఎప్పుడు పెట్టుకున్నావమ్మా?"

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి.

"ఐదు నెలలైంది నాన్నా."

"ఐదు నెలలా?" ఆయన ముందుకు వంగాడు. గోధుమరంగు ఫ్రేము, కుడివైపు మడత దగ్గర చిన్న గీత. ఆ గీత ఆయనకు తెలుసు. ఒకసారి తానే ఆ కళ్ళజోడు మీద కూర్చుంటే పడిన గీత. ఆ పూటంతా భార్య తనను ఏడిపిస్తూనే ఉంది. "ఇది..."

"ఫ్రేము అమ్మది. అద్దాలే నావి. కొత్తది కొనడమెందుకని..."

ఐదు నెలలుగా రోజూ పొద్దున, ఉప్పుసీసాకు అవతల, భార్య కళ్ళజోడు తన ఎదురుగా కూర్చుని తననే చూసింది. ఆయన చెయ్యి చాచి, కూతురి మొహం మీంచి కళ్ళజోడు మెల్లగా తీశాడు. అద్దాలు కన్నీళ్ళతో తడిసి ఉన్నాయి. జేబులోంచి చొక్కాముక్క తీసి, అరిగి మెత్తబడిన కింది అంచు వెతికి, దానితో ఒక్కో అద్దం తుడిచాడు. భార్య రోజూ వంటింట్లో నిలబడి సరిగ్గా అదే అంచుతో ఈ కళ్ళజోడే తుడుచుకునేది.

వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ తుడిచి, కూతురి చెవుల వెనక జాగ్రత్తగా సర్దాడు.

"కనబడుతోందా?" అన్నాడు.

"ఊఁ" అంది కూతురు, ఆయన వంకే చూస్తూ.

ఆయన చొక్కాముక్కని నాలుగు మడతలు పెట్టి, నీలం దారపు కుట్టు పైకి వచ్చేలా, ఆమె చేతిలో ఉంచాడు. "ఇది నీతో తీసుకెళ్ళు" అని, ఫోను ఆమె వైపు జరిపాడు.